సర్వే నంబరు లేని గూళ్లు

కలివికోడి గూడును ఇంతవరకు ఏ శాస్త్రవేత్తా చూడలేదు. దాని గుడ్డు కూడా ప్రపంచం మొత్తం మీద ఒక్కటే దొరికింది. అదీ అడవిలో కాదు, స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించిన ఆ గుడ్డు ఏ పక్షిదో 2013లో డీఎన్ఏ పరీక్ష చేస్తే గానీ తేలలేదు. మన కాలంలో కడప జిల్లా లంకమల కొండల చుట్టుపక్కల చిట్టడవుల్లో తప్ప మరెక్కడా రుజువుగా దొరకని పక్షి అది. అలాంటిది ఏ పొద పక్కన గుడ్డు పెడుతుందో, ఏ నెలలో పొదుగుతుందో నేటికీ తెలియదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మాత్రం దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చి పులి సరసన నిలబెట్టింది. చోటు తెలియని గూటికి ఆ రక్షణ ఎలా చేరుతుంది?

1848లో థామస్ జెర్డన్ అనే సైనిక వైద్యుడు శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పక్షి 1900లో అనంతపురం దగ్గర కనిపించింది. ఆ తర్వాత జాడ లేదు. ఇక అంతరించినట్టేనని పెద్దలు తేల్చేశారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పరిసరాల్లో దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఆ వెతుకులాటకు దారి చూపింది రాత్రిళ్లు పిట్టలు పట్టే స్థానిక వేటగాడు. పుస్తకాలు నీళ్లొదిలిన పక్షిని ఆ ఊరి జనం ఎరుగుదురు. వారిని అడగడానికే 86 ఏళ్లు పట్టింది.

తర్వాత అక్కడ అభయారణ్యం ఏర్పడింది. 2000 తర్వాత వచ్చిన పరిశోధకులకు అసలు చిక్కు వేరే ఎదురైంది. పగలంతా పొదల్లో నక్కి, చీకటి పడ్డాక తిరిగే పక్షిని లెక్కపెట్టడం ఎలా? వాళ్లు పొదల మధ్య సన్నమట్టి పరిచి, తెల్లారాక దాని మీద పడిన కాలిగుర్తులను చదివారు. మునిమాపు వేళ దాని అరుపును వినిపించి, బదులు వస్తుందేమోనని చెవి ఒగ్గారు. ఆ ఆనవాళ్లను ఉపగ్రహ చిత్రాలతో కలిపి చూస్తే ఒక సంగతి తేలింది. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్న నేలంటే దానికి ఇష్టం. పొదలు మరీ ఒత్తుగా ఉన్నా, నేల మరీ బోడిగా ఉన్నా అటు పోదు. అంటే మేకలు కాస్త మేసి, కట్టెలు కాస్త కొట్టిన చోటు కూడా దానికి పనికిరావచ్చు.

ఈ సమాచారం విలువ 2005లో తెలిసింది. తెలుగుగంగ కాలువ పనులకు వచ్చిన పొక్లెయిన్లు సరిగ్గా ఆ చిట్టడవిలోకే దిగాయి. పక్షి ఆనవాళ్లు ఎక్కడెక్కడ దొరికాయో చుక్కలతో సహా పరిశోధకుల చేతిలో ఉన్నాయి కాబట్టి వాళ్ల అభ్యంతరం గాలిమాటగా కొట్టుకుపోలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరకు కాలువ దారి మారింది. ఆ చుక్కలే లేకపోతే ఇంజినీర్లు అక్కడ ముళ్లకంపలు తప్ప ఏమీ లేవని రాసేవారు. వాళ్లు చూసినంతలో అది అబద్ధం కూడా కాదు.

ఆరేడుకు అలాంటి అదృష్టం పట్టలేదు. కొల్లేటి సమీపంలోని ఈ ఊరి చెట్ల మీద గూడబాతులు పెద్దఎత్తున గూళ్లు కడుతున్నాయని 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ లోకానికి చెప్పారు. అప్పటికి అక్కడున్న పక్షులు దాదాపు 3,000. 1970ల నడిమికి వచ్చేసరికి ఆ కొలువు మొత్తం ఖాళీ అయింది. దాన్ని తుడిచిపెట్టాలని ఎవరూ నిర్ణయం తీసుకోలేదు. ఏ ఫైలు మీదా ఏ అధికారీ సంతకం పెట్టలేదు. చెట్లు తగ్గాయి, అలజడి పెరిగింది, పక్షులు రావడం మానేశాయి. అవి ఉన్నాయన్న సంగతి పక్షి శాస్త్ర పత్రికల్లో ఉంది గానీ తహసీల్దారు కార్యాలయంలో లేదు.

తెలుగు రాష్ట్రాల్లో భూమికి ఉన్నన్ని కాగితాలు మనిషికి కూడా ఉండవు. సర్వే నంబరు, సబ్ డివిజను, ఎఫ్ఎంబీ, అడంగల్, వన్ బీ అంటూ ప్రతి సెంటుకూ లెక్క ఉంటుంది. బావి ఉంటే రాస్తారు, బోరు ఉంటే రాస్తారు, పంట పేరు రాస్తారు. రక్షిత జాతి పక్షి ఏటా వచ్చి గూడు కట్టే చింతచెట్టుకు మాత్రం ఏ గడీ లేదు. రోడ్డు, కాలువ, హైటెన్షన్ లైను, సోలార్ పార్కు దేనికి గీత గీసినా ముందు చూసేది ఈ రికార్డులనే. రికార్డులో లేనిది గీత గీసేవారి కంట పడదు. అందుకే రక్షిత జంతువుల గూళ్లు, గుడ్లు పెట్టే చోట్లు, వాటికి ప్రాణాధారమైన ఆవాసాలను గుర్తించి పటాలు గీయడం పరిశోధకుల సరదాగా మిగిలిపోకూడదు. అది ప్రభుత్వ రికార్డులో భాగం కావాలి.

అభయారణ్యాలకు హద్దులున్నాయి కదా, మళ్లీ ఈ పటాలెందుకని అడగవచ్చు. దానికి జవాబు నంద్యాల జిల్లా రోళ్లపాడులో ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఏడాదికి సాధారణంగా ఒకే ఒక్క గుడ్డును కటిక నేల మీద పెట్టే పక్షి అది. దాని తిరుగుడంతా ఆ 614 హెక్టార్లలోనే సాగలేదు. చుట్టూ ఉన్న బీళ్లు, మెట్టపొలాలు కూడా దాని ఇల్లే. కంచె లోపల గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి. కంచె బయట సాగునీరు వచ్చింది, పంటల తీరు మారింది, బీళ్లు కరిగిపోయాయి. ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక పిట్ట కనిపించడమే గగనమైపోయింది. హద్దురాళ్లు పాతింది మనుషుల వీలును బట్టి. పిట్ట ఎంత మేర తిరుగుతుందో ముందు కొలిచి ఉంటే హద్దులు మరోలా ఉండేవి, లేదా బయటి మెట్టరైతులతో ఏదో ఒక ఒప్పందమైనా కుదిరేది.

అదే పక్షి రాజస్థాన్, గుజరాత్‌లలో మరో పాఠం నేర్పింది. కరెంటు తీగలకు తగిలి బట్టమేక పిట్టలు చనిపోతున్నాయని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు విస్తారమైన ప్రాంతంలో లైన్లను భూమిలోపల వేయాలని ఆదేశించింది. ఆ ప్రాంతం దాదాపు 99,000 చదరపు కిలోమీటర్లు. అంత మేర అది కుదిరే పని కాదని కేంద్రం, విద్యుత్ కంపెనీలు మొత్తుకున్నాయి. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి, ఎక్కడ తప్పనిసరో తేల్చమని నిపుణుల కమిటీకి అప్పగించింది. ఈ మధ్యలో మూడేళ్లు గడిచాయి. దేశం మొత్తం మీద ఈ పక్షులు 150 లోపే మిగిలాయని అంచనా. పిట్ట ఎక్కడ గుడ్డు పెడుతుందో, ఏ దారిన ఎగురుతుందో ముందే తేల్చి, సోలార్ టెండర్లు పిలవకముందే ఆ పటం బల్ల మీద పెట్టి ఉంటే కంపెనీలకు డబ్బు, కోర్టుకు సమయం, పక్షికి ప్రాణం మిగిలేవి. గూళ్ల పటం అభివృద్ధికి అడ్డుపుల్ల అనేవారు ఈ కేసు ఫైలు ఒకసారి తిరగేయాలి.

పటం గీయడమంటే గూడు దగ్గర ఒక చుక్క పెట్టి ఊరుకోవడం కాదు. కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట ఉంది. దాని నిలువు రాతిగోడ మీద పొడవు ముక్కు రాబందులు గూళ్లు కట్టాయని 2013లో తెలిసినప్పుడు తెలంగాణలో పండగ చేసుకున్నంత పని అయింది. గుట్టను ఎంత కాపలా కాసినా రాబందు బతుకు గుట్ట మీద లేదు. తిండి కోసం అది పదుల కిలోమీటర్లు ఎగురుతుంది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు చచ్చిన పశువుల కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తోందని 2004లో తేలింది. అప్పటికే దేశంలో ప్రధాన రాబందు జాతులు నూటికి 95 వంతులకు పైగా పోయాయి. 2006లో పశువులకు దాని వాడకాన్ని నిషేధించారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌ల వంతు వచ్చింది. కాబట్టి పాలరాపు రాబందుల పటంలో గుట్టతో పాటు ఆ చుట్టుపక్కల మండలాల పశువుల ఆసుపత్రులు, మందుల దుకాణాలు, చచ్చిన గొడ్లను పారేసే చోట్లు కూడా ఉండాలి.

నేలపట్టు సంగతీ అంతే. తిరుపతి జిల్లాలోని ఆ చెరువులో నీటి మధ్య చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని లేపుతాయి. చేపలకు మాత్రం పులికాట్ సరస్సు దాకా పోయి వస్తాయి. సరస్సు పూడిపోతే చెరువులోని గూళ్లు ఎంత భద్రంగా ఉన్నా పిల్లల కడుపు నిండదు. రెండింటినీ ఒకే పటం మీద, మధ్యలో ఎగిరే దారితో సహా చూపినప్పుడే ఆ దారిలో విద్యుత్ టవరు ఎక్కడ వేయాలన్న ప్రశ్న పుడుతుంది.

కొన్ని పటాలకు గడువు తేదీ ఉంటుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు డిసెంబరు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆంధ్రా తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో తాబేలు ఒక విడతకు వంద దాకా పెడుతుంది. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. నిరుడు గుడ్లు పెట్టిన ఇసుక తిన్నె ఈ ఏడు సముద్రం కోతకు గురై ఉండవచ్చు. నదీముఖాల దగ్గర మేటలు ఏటా చోటు మారతాయి. ఒడిశాలో రుషికుల్య దగ్గర వేల తాబేళ్లు ఒకేసారి ఒడ్డెక్కే చోటే అటూఇటూ జరుగుతుంటుంది. కాబట్టి ఇక్కడ అయిదేళ్ల కిందటి పటం పనికిరాదు. ప్రతి సీజనులో రాత్రిపూట తీరం వెంట నడిచి తాబేటి జాడలు చూసేవారు కావాలి. ఆ పని చేయగలవారు బెస్తపల్లెల్లోనే ఉన్నారు. చాలాచోట్ల హేచరీలకు గుడ్లు చేరవేస్తున్నదీ వాళ్లే.

తాబేళ్ల పటానికి సముద్రం వైపు కూడా గీతలుండాలి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. ఆంధ్రా ఒడ్డున కూడా ఏటా ఆ దృశ్యం తప్పడం లేదు. ట్రాల్ వలలో చిక్కి, ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక చనిపోయినవే వాటిలో ఎక్కువ. మన వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టిన గడువు. తాబేళ్లు ఒడ్డుకొచ్చేది దానికి ముందు నెలల్లో. తీరం పొడవునా మరో మూడు నెలలు వేట ఆపమంటే మత్స్యకారుల పొట్ట కొట్టినట్టే. గుడ్లు పెట్టే తిన్నెలు ఎక్కడున్నాయో ఆ సీజను మొదట్లోనే తెలిస్తే, వాటి ఎదురుగా ఉన్న కొద్ది మేర నీళ్లలో, కొద్ది వారాలు మాత్రం ట్రాలర్లను ఆపితే సరిపోతుంది. పటం ఎంత ఖచ్చితంగా ఉంటే ఆంక్ష అంత చిన్నదవుతుంది.

ఇక అభ్యంతరాలు. గూళ్ల జాడ పటంలో పెడితే దొంగకు తాళం చేతికిచ్చినట్టు కాదా అన్నది మొదటిది. ఇది ఊహించుకున్న భయం కాదు. గుడ్లు, పిల్లలు, నక్షత్ర తాబేళ్ల వంటివాటికి అక్రమ బజారు ఉంది. ఫోటోల కోసం గూళ్ల మీద ఎగబడేవారి బెడద వేరు. దీనికి మందు కూడా వాడుకలో ఉంది. పక్షి పరిశీలకులు తమ నమోదులు పంచుకునే ఈబర్డ్ వేదిక సున్నిత జాతుల ఖచ్చితమైన చోటును అందరికీ చూపదు. పులుల కెమెరా చిత్రాల వివరాలనూ అటవీ శాఖ బయట పెట్టదు. ప్రజలకు కనిపించే పటంలో పెద్ద గడులు, అధికారుల దగ్గర చుక్కలు, ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో నమోదయ్యే ఏర్పాటు ఉంటే చాలు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో కలివికోడి అరుపును మళ్లీ రికార్డు చేశామని పక్షి పరిశీలకులు ప్రకటించిన దరిమిలా ఈ జాగ్రత్త మరీ అవసరమైంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. పటం గీసినవాడు రేపు జనాన్ని ఖాళీ చేయమంటాడన్న భయం అది. దానికి కారణాలున్నాయి. 2025 మే నెలాఖరులో తెలంగాణ ప్రభుత్వం కవ్వాల్, తాడోబా పులుల అభయారణ్యాల మధ్య కారిడార్ కోసం సుమారు 1,492 చదరపు కిలోమీటర్లను కొమురంభీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ జీవో 49 ఇచ్చింది. ఆదివాసీలు భగ్గుమన్నారు. బంద్‌లు జరిగాయి. జులైలో ప్రభుత్వం ఆ జీవోను నిలుపుదల చేసింది. పులి ఆ దారిన నడుస్తోందన్నది నిజం. ఆ దారి పొడవునా ఊళ్లు, పోడు భూములు, వాటిపై హక్కులు ఉన్నాయన్నదీ నిజం. గ్రామసభల్లో పరచి చూపించని పటం ఆ ఊళ్ల జనానికి నోటీసులా కనిపించింది. కొల్లేరుదీ ఇదే కథ. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేసినప్పుడు జిరాయితీ పట్టా భూములు కూడా లోపలికి వచ్చాయి. పాతికేళ్లు దాటినా ఆ తగవు తెగలేదు.

అటవీ హక్కుల చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. కీలక వన్యప్రాణి ఆవాసం పేరుతో ఎవరినైనా తరలించాలంటే గ్రామసభ సమ్మతి తప్పనిసరి. అయినా అడవి బయట, పట్టాభూమిలో గూడు ఉన్న రైతుకు ఆ చట్టం వర్తించదు. అతని భయం 22ఏ జాబితా. చెట్టు మీద పక్షులున్నాయని రికార్డుకెక్కితే పొలం నిషేధిత భూముల్లో పడి, రిజిస్ట్రేషన్ ఆగిపోతుందేమోనని అతను రాత్రికి రాత్రే చెట్టు కొట్టేయగలడు. కాబట్టి ఈ నమోదుకు భూమి అమ్మకం, తాకట్టు, సాగులతో ఏ సంబంధమూ లేదని ఉత్తర్వులోనే రాసి ఉండాలి. దానికి తోడు ఎంతో కొంత డబ్బు కూడా చేతికందాలి. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో గూడబాతులు, కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే పిల్లల్ని లేపుతాయి. అక్కడ చెట్టు యజమాని వదులుకున్న కాయకు అటవీ శాఖ పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది.

మనకూ అలాంటి ఊళ్లున్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పక్షులు రాకపోతే ఆ ఏడాది కలిసిరాదని జనం నమ్ముతారు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో మనుషుల సందడి మధ్యే వేల పక్షులు కాపురం పెడతాయి. ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లు పడ్డాయో, ఏ ఏడాది ఎందుకు తగ్గాయో అక్కడివారు నోటిలెక్కన చెప్పగలరు. ఆ లెక్క కాగితం మీదికి రావడానికి చట్టబద్ధమైన పుస్తకం కూడా ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. గడువు తరుముకొస్తుంటే చాలాచోట్ల ఆ రిజిస్టర్లను ఒకరిది చూసి ఒకరు నింపేశారు. ఊళ్లో దొరికే మొక్కల జాబితా ఉంటుంది గానీ ఏ సర్వే నంబరులో ఏ గూడు ఉందో ఉండదు. ఆ ఒక్క నిలువు గీత చేర్చితే సగం పని అయినట్టే.

సమయం కూడా అనుకూలంగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే డ్రోన్లు, రోవర్లతో ఊరూరా కొలుస్తోంది. తెలంగాణలో 2025లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం ప్రతి కమతానికీ భూధార్ సంఖ్య, పాస్‌బుక్కులో పటం ఇస్తానంటోంది. వందేళ్లకోసారి జరిగే పని ఇది. సర్వేయరు ఎలాగూ పొలంలో దిగుతున్నప్పుడు, ఫారెస్టు బీటు అధికారి, ఊళ్లో తెలిసినవారు ఇద్దరు ఆయన వెంట నడిస్తే గూళ్లకు అక్షాంశ రేఖాంశాలు అక్కడికక్కడే పడతాయి. అది ఇప్పుడు జరగకపోతే కొత్త డిజిటల్ రికార్డులు కూడా పాత అడంగల్ లాగే గూళ్లను వదిలేసి మరో వందేళ్లు నడుస్తాయి.

హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి దగ్గర 2025 వసంతంలో జరిగింది గుర్తుంచుకోదగ్గది. 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాక విద్యార్థులు, పక్షి ప్రేమికులు అక్కడేమేం బతుకుతున్నాయో జాబితాలు పట్టుకుని పరుగెత్తారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అప్పటికే చాలా చెట్లు నేలకూలాయి. వేలానికి, లేఅవుటుకు ముందే చూడాల్సిన కాగితాన్ని చెట్లు కూలాక కోర్టులో చూడాల్సి వచ్చింది.

చేయాల్సినవి చిన్న పనులే. కలివికోడి, బట్టమేక పిట్ట, రాబందులు, గూడబాతుల కొలువులు, తాబేళ్ల తిన్నెలు, ఈ అయిదింటితో మొదలుపెట్టవచ్చు. నీటిపారుదల, రోడ్లు, విద్యుత్ శాఖలు సవివర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) తయారుచేసే దశలోనే ఈ పటాన్ని చూసి, చూసినట్టు రాయాలి. గ్రామసభలో చదివి వినిపించని గీత చెల్లకూడదు. తాబేళ్ల పటం ఏటా, గూడబాతులది రెండేళ్లకోసారి, మిగతావి అయిదేళ్లకోసారి తిరగరాయాలి. తీరంలో రాత్రి నడిచే మత్స్యకార యువకులకు, గుట్టలు కాచే ఆదివాసీ వాచర్లకు సీజను కూలి ఇవ్వాలి. వచ్చే జనవరిలో తాబేళ్లు ఒడ్డెక్కకముందే శ్రీకాకుళం నుంచి తిరుపతి జిల్లా దాకా మొదటి పటం సిద్ధం చేయవచ్చు. దీనికి కొత్త చట్టంతో పని లేదు. రెవెన్యూ, అటవీ, మత్స్య శాఖలు కలిసి ఇచ్చే ఒక ఉమ్మడి ఉత్తర్వు చాలు, దాని అమలు బాధ్యతను జిల్లా కలెక్టర్లకు పేరుపేరునా అప్పగించాలి.